కాలువలో కరిగిన ఆక్సిజన్: అపోహలు – వాస్తవాలు

బెజవాడ ఆటోనగర్ షెడ్లలో ఇంజిన్ విప్పినప్పుడు నేల మీద పడిన నల్లాయిల్ వానకు కొట్టుకుపోయి మురుగు కాలువలో తేలుతుంది. కంటికి కనిపించేది అదే కాబట్టి కాలుష్యమంటే అదేననుకుంటాం. కానీ కంటికి కనిపించని దెబ్బ ఇంకొకటి ఉంది: నీళ్లలో కరిగిన ఆక్సిజన్ పడిపోవడం. అది ఎక్కడ, ఎంత పడిపోతుందో చెప్పే లెక్క ఒకటుంది. స్ట్రీటర్, ఫెల్ప్స్ అనే ఇద్దరు దాన్ని 1925లో అమెరికాలోని ఒహాయో నది కోసం కట్టారు. బెజవాడ కాలువలకూ ఆ సూత్రమే వర్తిస్తుంది.

అపోహ: మురుగు కలిసే చోటే నీళ్లు అన్నిటికన్నా పాడవుతాయి.
వాస్తవం: బ్యాక్టీరియా ఆక్సిజన్‌ను వాడుకుంటూ మురుగును కుళ్లబెట్టడానికి సమయం పడుతుంది. ఆక్సిజన్ ఖర్చయ్యే వేగం, గాలి నుంచి మళ్లీ చేరే వేగం సమానమైన చోట ఆక్సిజన్ మట్టం అడుగుకు దిగుతుంది. సెకనుకు 30 సెంటీమీటర్లు నడిచే నీరు రోజుకు 26 కిలోమీటర్లు పోతుంది. అడుగుకు దిగడానికి ఒక్క రోజు పట్టిందనుకున్నా, ఆటోనగర్ మురుగు దెబ్బ దాదాపు ఉయ్యూరంత దూరంలో తగులుతుంది.

అపోహ: పారే నీళ్లు వాటంతటవే శుభ్రపడతాయి.
వాస్తవం: అన్ని కాలువలూ ఒకేలా కోలుకోవు. వేగం మారకుండా లోతు రెట్టింపైతే గాలి నుంచి ఆక్సిజన్ చేరే రేటు సుమారు మూడో వంతుకు పడిపోతుంది. డెల్టా చదును నేల, నీటి నడక నిదానం. పైగా 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడితే, 30 డిగ్రీల్లో 7.6 మించదు. అదే వేడికి కుళ్లడం ఒకటిన్నర రెట్లు వేగమవుతుంది.

అపోహ: దోషమంతా నల్లాయిల్‌దే.
వాస్తవం: ఆక్సిజన్‌ను ఎక్కువగా తినేది మరుగుదొడ్ల, హోటళ్ల మురుగు. ఆయిల్ పొర గాలిని అడ్డుకుంటుంది. సీసం వంటి లోహాలు మాత్రం ఈ లెక్కకు అందవు, వాటికి వేరే పరీక్షలు కావాలి.

అపోహ: మధ్యాహ్నం ఒక్క శాంపిల్ తీస్తే చాలు.
వాస్తవం: నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తానే వాడుకుంటుంది. తెల్లవారుజామున చేపలు పైకి తేలితే డీఓ (కరిగిన ఆక్సిజన్) పడిపోయిందని కైకలూరు చెరువుల రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పరీక్ష సులువే: సీసాలో నింపిన నీటికి మాంగనీస్ సల్ఫేట్, క్షారం కలిపిన అయోడైడ్ ద్రావణాలు చేరిస్తే, ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి దిగుతుంది, లేకపోతే తెల్లగానే ఉంటుంది.

శుద్ధి చేసి తాగే నీటి వనరులోనైనా లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలన్నది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. అది నిజంగా ఉందో లేదో తేలాలంటే వేసవిలో, తెల్లవారకముందు, దిగువ ఊళ్ల దగ్గర సీసా ముంచాలి. ఈసారి ఎవరైనా కాలువ బాగుందని రిపోర్టు చూపిస్తే శాంపిల్ ఎక్కడ, ఏ వేళ తీశారో అడగండి.