రెండు పౌండ్ల పంపు

గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్లే దారి దిగువమెట్ట దాటాక నల్లమలలోకి ఎక్కుతుంది. ఇప్పటి కార్లకు అదొక ఎక్కుడే కాదు. పెట్రోలు అంబాసిడర్లు, ఫియట్లు, జీపులు తిరిగిన రోజుల్లో మాత్రం ఎండాకాలం మధ్యాహ్నం పూట ఆ మలుపుల్లో బండి నాలుగుసార్లు దగ్గి ఆగిపోయిందంటే వింతేమీ కాదు. బానెట్ ఎత్తి పంపు మీద తడిగుడ్డ కప్పేవాళ్లు. చల్లారాక బండి కదిలేది. ఊళ్లోకి రాగానే మేస్త్రీకి చెప్పే మాట ఒకటే: ‘‘పంపు ప్రెషర్ చాలడం లేదు, కాస్త పెంచు.’’ చాలాసార్లు అది తప్పు వైద్యం.

అసలు పంపే లేని కాలం ఒకటుంది. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీలో ట్యాంకు సీటు కింద ఉంటే, కార్బురేటర్ అంతకన్నా దిగువన ఉండేది. పెట్రోలు తన బరువుతో తానే కిందికి జారేది. ట్యాంకు అడుగంటినప్పుడు నిటారు కొండ ఎదురైతే ఇంజన్ పైకి, ట్యాంకు కిందికి అయ్యేవి. అప్పుడు బండిని తిప్పి రివర్సు గేరులో కొండెక్కించేవాళ్లు! తరువాత ఆటోవాక్ వచ్చింది. ఇంజన్ గాలి పీల్చుకునే బలంతోనే వెనక ట్యాంకులోని పెట్రోలును పైకి లాగి ఓ చిన్న డబ్బాలో నింపేది. కానీ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఆ పీల్పు తగ్గిపోతుంది. అంటే ఘాటులో పెట్రోలు ఎక్కువ కావలసిన వేళకే అది చేతులెత్తేసేది.

ఈ రెండు తిప్పలూ తప్పించింది 1920ల చివర అమెరికాలో జనరల్ మోటార్స్ వారి ఏసీ విభాగం తెచ్చిన డయాఫ్రం పంపు. ఏసీ అంటే ఆల్బర్ట్ చాంపియన్, 1899లో పారిస్-రూబే సైకిల్ పందెం గెలిచిన ఫ్రెంచివాడు. ఆ పందెగాడి పొడి అక్షరాలు మన షెడ్లలో ఎంతగా స్థిరపడ్డాయంటే, ఏ కంపెనీ పంపునైనా పాత మేస్త్రీలు ఏసీ పంపు అనే అంటారు.

ఆ పంపులోని తెలివంతా ఒక స్ప్రింగులో ఉంది. క్యాంషాఫ్ట్ తిరుగుతూ ఒక మీటను కదిలిస్తుంది. మీట డయాఫ్రాన్ని, అంటే సాగే పొరను, కిందికి లాగితే ట్యాంకు నుంచి పెట్రోలు లోపలికొస్తుంది. ఇంజన్ పని అక్కడితో సరి. ఆ పెట్రోలును కార్బురేటర్‌కు నెట్టేది డయాఫ్రం కింద నలిగి ఉన్న స్ప్రింగు. కార్బురేటర్ గిన్నె నిండగానే, మిద్దె మీది నీళ్లట్యాంకులో బంతి పైకి లేచి కుళాయి మూసినట్టు, ఫ్లోటు లేచి నీడిల్‌తో దారి మూసేస్తుంది. డయాఫ్రం కిందనే ఆగిపోతుంది, మీట ఊరికే ఆడుతుంది. అందుకే ఇంజన్ ఎంత జోరుగా తిరిగినా ఒత్తిడి స్ప్రింగు బలాన్ని దాటదు.

ఆ బలమెంత? అంబాసిడర్ తరహా ఇంజన్లకు చదరపు అంగుళానికి సుమారు ఒకటిన్నర నుంచి రెండున్నర పౌండ్లు. టైరులో పట్టించే గాలిలో పదో వంతు కూడా కాదు. లెక్క వేస్తే, రెండు పౌండ్ల ఒత్తిడి అంటే దాదాపు ఆరడుగుల ఎత్తున్న పెట్రోలు మోపే బరువు. పంపు చెడిపోయినప్పుడు డబ్బాను బండిపైన కట్టి, సన్నగొట్టంతో కార్బురేటర్‌కు కలిపి ఊరు చేరిన డ్రైవర్ల ఉపాయం పనిచేసింది ఇందుకే. (నిప్పుతో చెలగాటం గనుక ఎవరూ అనుకరించవద్దు.) ఒత్తిడి అంతకు మించితే నీడిల్ ఆపలేదు. గిన్నె పొంగి పెట్రోలు వేడి ఇంజన్ మీద కారుతుంది, ప్లగ్గులు నల్లబడతాయి.

మరి ఘాటులో బండి ఎందుకు ఆగేది? అంబాసిడర్ తరహా ఇంజన్‌లో పంపును బ్లాకుకే, అదీ ఎగ్జాస్టు ఉన్న వైపే బిగిస్తారు. పెట్రోలులోని తేలికపాటి భాగాలు 35-40 డిగ్రీలకే మరగడం మొదలుపెడతాయి. మార్కాపురం పలకల గనుల దగ్గర మే నెలలో నీడపట్టునే అంతకు మించి ఉంటుంది! పైగా పంపు పీల్చే వైపు ఒత్తిడి తగ్గుతుంది కనుక మరగడం ఇంకా సులువు. మేస్త్రీలు ఎయిర్‌లాక్ అనేది దీన్నే. నిజానికి లోపల చేరింది పెట్రోలు ఆవిరి. డయాఫ్రం ఆ ఆవిరిని నొక్కుతూ వదులుతూ ఉంటుంది తప్ప చుక్క కదలదు. గట్టి స్ప్రింగు వేసినా ఫలితం లేదు. తడిగుడ్డ మాత్రం అసలు జబ్బుకే మందు.

ఒత్తిడిని నిజంగా సరిచేయాలంటే ముందు కొలవాలి. పంపుకూ కార్బురేటర్‌కూ నడుమ టీ ముక్క పెట్టి గేజీ తగిలిస్తారు. ఇంజన్ ఆపాక ముల్లు కాసేపు నిలబడాలి. వెంటనే పడిపోతే పంపు వాల్వో, నీడిలో కారుతున్నట్టు. ఒత్తిడి తక్కువ ఉంటే డిప్‌స్టిక్ తీసి వాసన చూడటం మంచి అలవాటు: డయాఫ్రం చిరిగితే పెట్రోలు ఇంజనాయిల్లో కలుస్తుంది. ఒత్తిడి ఎక్కువుంటే పంపుకూ బ్లాకుకూ మధ్య ప్యాకింగ్ మందం పెంచుతారు. మీట అందే దూరం తగ్గి స్ప్రింగు తక్కువ నలుగుతుంది. ఆ ప్యాకింగ్ బేకలైట్ దిమ్మె అయితే బ్లాకు వేడి కూడా పంపుకు అంతగా ఎక్కదు. ఒత్తిడి పెంచాలని ప్యాకింగ్ మరీ పలచన చేస్తే డయాఫ్రం అడుగుకు తగులుతుంది, మీట విరగనూవచ్చు.

2014లో ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ ఆగింది. ఆ బండిని ఇంకా ముచ్చటగా నడుపుకునేవారికి కొత్త చిక్కు ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాతరకం రబ్బరు డయాఫ్రం దానికి ఉబ్బి మెత్తబడుతుంది కనుక, ఇథనాల్‌ను తట్టుకునే డయాఫ్రం అడిగి తెచ్చుకోవాలి. కొందరు పంపునే తీసేసి ఎలక్ట్రిక్ పంపు పెడుతున్నారు. ట్యాంకు దగ్గర బిగిస్తే పైపంతా ఒత్తిడిలో ఉంటుంది కనుక ఆవిరి బెడద బాగా తగ్గుతుంది. కానీ బజారులో దొరికేవాటిలో చాలా పంపులు నాలుగైదు పౌండ్లు, ఆపైన ఇస్తాయి. రెగ్యులేటర్ పెట్టి రెండుకు దించాల్సిందే. ఇంజన్ ఆగితే పాత పంపు దానంతటదే ఆగుతుంది. కరెంటు పంపుకు ఆ సంగతి తెలియదు, ప్రమాదంలో పైపు తెగినా పెట్రోలు పోస్తూనే ఉంటుంది. ఆయిల్ ప్రెషర్ పడిపోగానే కరెంటు తెంపే స్విచ్చి ఒకటి దానితోపాటే బిగించాలి.