ఇంటిపేరు ఒకటైతే బంధువులేనా?

మన తెలుగు బడిలో ఇంటిపేర్ల పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలు మమ్మల్ని రెండు ప్రశ్నలు అడుగుతారు. ఒకే ఇంటిపేరు ఉంటే బంధువులేనా? బంధువులైతే అందరూ ఒకే పార్టీకి ఓటు వేస్తారా? ఎన్నికల ఏడాదిలో రెండో ప్రశ్న ఇంకాస్త గట్టిగా వినిపిస్తుంది. పిల్లలు స్కూల్లో చదువుకున్న అమెరికా అధ్యక్షుల పేర్లతోనే జవాబు వెతుకుదాం.

ఇద్దరు జాన్సన్లు

జాన్సన్ అంటే జాన్ కొడుకు అని అర్థం. జాన్ అనే పేరున్న మనుషులు ఎన్ని ఊళ్ళలో ఉన్నారో అన్ని చోట్లా జాన్సన్ కుటుంబాలు విడివిడిగా పుట్టాయి. ఆండ్రూ జాన్సన్, లిండన్ జాన్సన్ ఇద్దరూ అధ్యక్షులయ్యారు. ఇద్దరూ దక్షిణాది వాళ్ళే, ఇద్దరూ డెమొక్రాటిక్ పార్టీలో ఎదిగిన వాళ్ళే. 1865లో లింకన్ హత్యతో ఒకరు, 1963లో కెన్నెడీ హత్యతో మరొకరు ఉపాధ్యక్ష పదవి నుంచి పైకి వచ్చారు. ఇన్ని కలిసినా వాళ్ళ మధ్య బంధుత్వం లేదు.

ఆలోచనలు చూడండి. 1866లో నల్లజాతి వారికి పౌరహక్కులిచ్చే బిల్లును ఆండ్రూ వీటో చేశారు. కాంగ్రెస్ ఆ వీటోను తోసిపుచ్చి చట్టం చేసింది. లిండన్ 1964లో పౌరహక్కుల చట్టం మీద సంతకం పెట్టారు. మరుసటి ఏడాది ఆయనే కొత్త ఇమ్మిగ్రేషన్ చట్టం మీద కూడా సంతకం పెట్టారు. అంతకు ముందు భారతదేశానికి ఉన్న కోటా ఏడాదికి 100 మంది మాత్రమే. మన కుటుంబాలు ఈ దేశానికి రావడానికి దారి తెరిచింది ఆ 1965 చట్టమే.

పార్టీ పేరూ అంతే

రిపబ్లికన్ పార్టీ 1854లో బానిసత్వం విస్తరించకూడదని పుట్టింది. అప్పట్లో బానిసలున్న దక్షిణ రాష్ట్రాలు డెమొక్రాట్ల కోటలు. 1930లలో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ కాలంలో ఉత్తరాది నల్లజాతి ఓటర్లు ఎక్కువగా డెమొక్రాట్ల వైపు వచ్చారు. 1964 తర్వాత దక్షిణాది తెల్లజాతి ఓటర్లు మెల్లగా రిపబ్లికన్ల వైపు వెళ్ళారు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఫైలు పేరు అదే, లోపల రాసింది మారింది. అందుకే "మా తాతగారి పార్టీ" అని ఎవరైనా అంటే, ఏ సంవత్సరంలో సంగతో కూడా అడగాలి.

దాయాదులైన రూజ్‌వెల్టులు

థియొడోర్ రూజ్‌వెల్ట్ (1901–1909) రిపబ్లికన్, ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ (1933–1945) డెమొక్రాట్. వీళ్ళు మాత్రం బంధువులే. ఆరు తరాల పైన నికొలస్ రూజ్‌వెల్ట్ అనే ఒకే పూర్వీకుడు ఇద్దరికీ ఉన్నాడు. ఆయన ఇద్దరు కొడుకుల నుంచి రెండు శాఖలు వచ్చాయి. మన మాటలో దూరపు దాయాదులు. థియొడోర్ తమ్ముడి కూతురు ఎలినార్‌ను ఫ్రాంక్లిన్ 1905లో పెళ్ళి చేసుకున్నారు. మనలో ఒకే ఇంటిపేరు వాళ్ళను అన్నాచెల్లెళ్ళ వరసగా చూస్తాం కాబట్టి ఈ మాట చెప్పగానే పిల్లలకంటే ముందు పెద్దవాళ్ళు ఉలిక్కిపడతారు! 1924లో థియొడోర్ కొడుకు న్యూయార్క్ గవర్నర్ పదవికి రిపబ్లికన్‌గా నిలబడితే, ఎలినార్ సొంత పెదనాన్న కొడుకుకు వ్యతిరేకంగా ప్రచారం చేశారు.

మన బావా బావమరుదులు

ఇప్పుడు మన అనంతపురానికి వద్దాం. నీలం సంజీవరెడ్డి గారు కాంగ్రెస్ నాయకులు, తరిమెల నాగిరెడ్డి గారు కమ్యూనిస్టు నాయకులు. అమెరికా ఫారంలో ఇద్దరికీ లాస్ట్ నేమ్ "రెడ్డి" అని పడుతుంది. చూసినవాళ్ళు అన్నదమ్ములేమో అనుకుంటారు. కానీ రెడ్డి వాళ్ళ ఇంటిపేరు కాదు. ఒకరి ఇంటిపేరు నీలం, మరొకరిది సొంత ఊరి పేరు మీద వచ్చిన తరిమెల. అయినా వాళ్ళు బంధువులే! నాగిరెడ్డి గారి అక్కచెల్లెళ్ళలో ఒకరిని సంజీవరెడ్డి గారు పెళ్ళాడారు. 1952 ఎన్నికల్లో అనంతపురంలో బావగారిని బావమరిది ఓడించారు. తర్వాత సంజీవరెడ్డి గారు 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 1977లో జనతా పార్టీ తరఫున నంద్యాల నుంచి లోక్‌సభకు గెలిచి, అదే ఏడాది రాష్ట్రపతి అయ్యారు. అంటే ఆలోచన మారడానికి తరాలే అక్కరలేదు, ఒక్క జీవితంలోనూ మారవచ్చు.

మన ఇళ్ళలో

ఇప్పుడు మన ఇళ్ళలోనూ ఓటు హక్కు వచ్చిన పిల్లలున్నారు. వాళ్ళు అమ్మానాన్నలు మెచ్చిన పార్టీకే ఓటు వేయాలని లేదు. భోజనాల దగ్గర ఈ మాట వచ్చి గొంతులు పెరుగుతున్న ఇళ్ళు మనకు తెలుసు. పెద్దలారా, పిల్లవాడు వేరే పార్టీని మెచ్చుకున్నంత మాత్రాన ఇంటికి దూరమైనట్టు కాదు. పిల్లలూ, నాన్నగారు ఒక పార్టీని ఎందుకు నమ్మారో, ఏ రోజుల్లో నమ్మారో అడిగి తెలుసుకోండి, ఆ తర్వాత వాదించండి.

ఈ వేసవి సెలవుల్లో ఒక చిన్న పని చేద్దాం. అమ్మమ్మకు, తాతయ్యకు, నానమ్మకు ఫోన్ చేసి ఇంటిపేరు ఏ ఊరి నుంచో, ఏ వృత్తి నుంచో వచ్చిందేమో అడగండి. అమ్మ, అమ్మమ్మ, నానమ్మల పుట్టింటి ఇంటిపేర్లు కూడా తప్పకుండా రాసుకోండి. లాస్ట్ నేమ్ గడిలో కనిపించని బంధువులు అక్కడే దొరుకుతారు. రాసుకున్న కాగితాలు బడి తెరిచిన మొదటి వారం తీసుకురండి, అందరం కలిసి చదువుకుందాం.