కాలేయం మార్చిన తరువాత కామెర్లు వస్తే

కాలేయ మార్పిడి అనే మాట ఇప్పుడు మన పల్లె సంఘాలకు కూడా కొత్త కాదు. మన దేశంలో ఈ ఆపరేషన్ మొదటిసారి 1998లో విజయవంతమైనది. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జీవన్‌దాన్ పథకం మొదలైనది. ఎవరికైనా ఈ ఆపరేషన్ అంటే సంఘమంతా ఉపవాస ప్రార్థనలు చేస్తుంది, చందాలు పోగు చేస్తుంది, ఇంటికి రాగానే కృతజ్ఞతా కూడిక పెడుతుంది. కొన్ని నెలలకు ఆ సహోదరుని కళ్ళు పచ్చబడితే మాత్రం "దేవుడు స్వస్థపరచలేదా?" అని గుసగుసలు పుడతాయి. ఆ గుసగుసలు తప్పు. అక్కడ చెడినది తరచుగా కాలేయం కాదు, దాని గొట్టం.

కాలేయంలో ఊరే పైత్యరసం ఒక సన్నని గొట్టం గుండా ప్రేగులోనికి దిగుతుంది. మార్పిడిలో దాత గొట్టాన్ని రోగి గొట్టానికి కుట్టి కలుపుతారు. చేలో నీళ్ళ పైపు కారినా, పూడినా అతుకు దగ్గరే గదా! ఇక్కడా అంతే. కొందరికి ఆ కుట్టు మొదటి వారాలలో కారుతుంది, కొందరికి నెలల తరువాత మచ్చకట్టి ఇరుకవుతుంది. బ్రతికివున్న బంధువు కాలేయంలో ఒక భాగం ఇచ్చినప్పుడు గొట్టాలు మరీ సన్నవి గనుక ఈ చిక్కు ఎక్కువ.

కళ్ళు పచ్చబడటం, ఒళ్ళంతా దురద, ముదురు రంగు మూత్రం, తెల్లని మలం దీని గుర్తులు. చలితో జ్వరం కూడా వస్తే తెల్లవారేదాకా ఆగకూడదు. కామెర్లు గదా అని ఆకు పసరు పోయించడం మన ఊళ్ళ అలవాటు. కాలేయం మార్చినవారికి అది ఎంతమాత్రమూ పనికిరాదు. వారు రోజూ వేసుకొనే మందులను కొన్ని మూలికలు చెడగొడతాయి. శరీరం కొత్త కాలేయాన్ని నిరాకరించినా కళ్ళు పచ్చబడవచ్చు. ఏది కారణమో రక్తపరీక్ష, స్కానింగ్ చేసి వైద్యులే తేల్చాలి.

గొట్టమే ఇరుకైతే చాలామందికి మళ్ళీ పొట్ట కోయరు. ఇ.ఆర్.సి.పి. అనే పద్ధతి 1968 నుండి ఉన్నది. మత్తు ఇచ్చి, కెమెరా ఉన్న గొట్టాన్ని నోటి ద్వారా చిన్న ప్రేగు మొదటి వరకు దింపుతారు. అక్కడి నుండి సన్నని తీగను పైత్యరస గొట్టంలోనికి ఎక్కించి, ఎక్స్‌రేలో చూస్తూ, చిన్న బెలూన్‌తో ఇరుకును వెడల్పు చేసి, తెరిచి ఉంచేందుకు స్టెంట్ పెడతారు. గొట్టాన్ని నేరుగా ప్రేగుకు కుట్టినవారికి ఈ దారి కష్టం. వారికి చర్మం మీదుగా సూదితో కాలేయంలోనికి వెళతారు. క్లోమం వాచడం, రక్తం కారడం వంటి అపాయాలు కొందరికి లేకపోలేదు. అయినా మళ్ళీ ఆపరేషన్ కంటె ఇది ఎంతో మేలు.

మా భయమంతా ఆ తరువాతి నెలల గురించే. ప్లాస్టిక్ స్టెంట్లు సుమారు మూడు నెలలకు పూడిపోతాయి. వాటిని మార్చుతూ దాదాపు ఏడాది కొనసాగించవలసి ఉంటుంది. కొందరికి పెట్టే లోహపు స్టెంట్‌ను కూడా కొన్ని నెలలకు తీసివేయాలి. కళ్ళు తెల్లబడగానే బాగైపోయిందని ఇంట్లో ఉండిపోతే, పూడిన స్టెంట్ వెనుక చీము పట్టి ప్రాణం మీదికి వస్తుంది. హిజ్కియా ప్రార్థించాడు, అంజూరపు పండ్ల ముద్దనూ కట్టించుకున్నాడు.

సంఘ పెద్దలారా, ఆపరేషన్‌కు చందా ఇచ్చిన చేతులు ఈ ప్రయాణాలకూ కావాలి. బస్సు ఛార్జీలు, తోడు వెళ్ళేవారి కూలి పోవడం చిన్న బరువు కాదు. స్టెంట్ మార్చవలసిన తేదీని ఆసుపత్రి చీటీ చూసి గోడ క్యాలెండర్ మీద రాయండి. ఏడాది మారితే ఆ తేదీని కొత్త క్యాలెండర్ మీదికి ఎక్కించడం మరువకండి.