వెబ్ పుటకు మన అంకెలు నేర్పుదాం

యంత్రాన్ని వాడుకొనేవారికీ, దానిచేత పని చేయించేవారికీ నడుమ అంతరం ఎంతో ఉన్నది. నేడు అమలాపురంలో గాని, రాజోలులో గాని, కొత్తపేటలో గాని సెల్‌ఫోను ఎరుగని విద్యార్థి అరుదు. అయితే ఆ ఫోనులోని వెబ్ పుట మన వేలి తాకిడికి ఎట్లా బదులిస్తున్నదో ఎరిగిన విద్యార్థి కూడా అరుదే. ఈ విద్య కష్టసాధ్యం కాదనీ, తెలుగు, ఉర్దూ చదువుకొనే మనకు దీనితో ప్రత్యేకమైన అవసరం ఉన్నదనీ చూపడమే మా ఉద్దేశం.

వెబ్ పుట నిర్మాణంలో మూడు భాగాలున్నాయి. శీర్షిక ఎక్కడ, పేరా ఎక్కడ, అంకె వ్రాసే గడి ఎక్కడ, నొక్కే బటన్ ఎక్కడ అని నిర్దేశించేది హెచ్.టి.ఎమ్.ఎల్. వాటికి రంగును, పరిమాణాన్ని ఇచ్చేది సి.ఎస్.ఎస్. ఈ రెండింటితో తయారైన పుట అచ్చుపుస్తకంలోని పుట వంటిది. దానిని చదువవచ్చును గాని, అది మన లెక్క చేసి పెట్టదు. ఆ పని చేయించేది జావాస్క్రిప్టు. 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ దీని తొలి రూపాన్ని పది రోజులలో సిద్ధం చేశారు. 1997లో ఎక్మా సంస్థ దీనికి ప్రమాణాన్ని ప్రకటించింది. జావా అనే భాషతో దీనికి పేరులోనే గాని స్వభావంలో పోలిక స్వల్పం. నేటి బ్రౌజర్లలో ఇది ఇమిడియే ఉన్నది గనుక, దీనికై ప్రత్యేకంగా కొనవలసినది ఏమీ లేదు.

ఒక కొబ్బరి లెక్క

కోనసీమ విద్యార్థికి కొబ్బరి లెక్క కన్న దగ్గరి ఉదాహరణ మరొకటి లేదు. అంబాజీపేట మార్కెట్టుకు కాయలు పంపే రైతుకోసం ఒక పుట తయారుచేద్దాం. అందులో మూడు గడులు: మొదటి దింపు కాయలు, రెండవ దింపు కాయలు, వెయ్యి కాయల ధర. వాటి క్రింద ఒక బటన్. బటన్ నొక్కడం ఒక ఘటన. ఆ ఘటన జరిగినప్పుడు ఏ పనులు ఏ వరుసలో చేయాలో చెప్పే ఆజ్ఞల సముదాయమే ఫంక్షన్. గడులలోని విలువలు తీసుకో, కాయలు కూడు, ధరతో గుణించు, వెయ్యితో భాగించు, ఫలితాన్ని పుటపై వ్రాయి: ఇంతే పని. నోట్‌పాడ్‌లో వ్రాసి, హెచ్.టి.ఎమ్.ఎల్. ఫైలుగా భద్రపరచి, బ్రౌజరులో తెరిస్తే చాలు. ఇంటర్నెట్ లేకున్నా ఇది నడుస్తుంది.

ఇక్కడ విద్యార్థి ఒక వింతను చూస్తాడు. మొదటి గడిలో 500, రెండవ గడిలో 20 వ్రాసి కూడుమంటే, 520కి బదులుగా 50020 వస్తుంది! గడిలో మనం వ్రాసినది స్క్రిప్టుకు అక్షరాల వరుసగానే అందుతుంది. అక్షరాల మధ్య కూడిక గుర్తు ఉంచితే అది వాటిని ప్రక్కప్రక్కన చేరుస్తుంది. వీటిని ముందు సంఖ్యలుగా మార్చుమని ఆజ్ఞాపించాలి. యంత్రం మన మనసులోని మాటను ఊహించదు, చెప్పినదే చేస్తుంది. ఈ విద్యలో మొదటి పాఠం ఇదే.

అంకె కాని అంకె

రెండవ పాఠం మనకు మరింత ముఖ్యమైనది. అదే గడిలో ౫౦౦ అని తెలుగు అంకెలలో వ్రాసి, సంఖ్యగా మార్చుమంటే, జావాస్క్రిప్టు ‘ఇది సంఖ్య కాదు’ అని బదులిస్తుంది. ఉర్దూ అంకెలకూ అదే గతి. తరతరాలుగా మన పెద్దలు లెక్కలు వ్రాసుకొన్న అంకెలు అంకెలే కావట! ఇది ద్వేషం కాదు, నేర్పనివారి లోపం. నేర్పితే నేర్చుకొంటుంది.

నేర్పే మార్గం సులభం. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణం మొదలుకొని తెలుగు అక్షరాలకు క్రమసంఖ్యలు ఏర్పడి ఉన్నాయి. తెలుగు సున్న సంఖ్య 3174, తెలుగు తొమ్మిది సంఖ్య 3183. ఉర్దూ అంకెలు 1776 నుండి 1785 వరకు ఉన్నాయి. కనుక ఒక్కొక్క అక్షరం సంఖ్యను అడిగి, అది తెలుగు అంకె అయితే 3174, ఉర్దూ అంకె అయితే 1776 తీసివేయుమనాలి. ౫ సంఖ్య 3179. అందులో 3174 పోగా మిగిలినది 5. ఇట్లా ఒక్కొక్క అంకెను మార్చి, వరుస చెడకుండా తిరిగి చేర్చాలి. ఉర్దూ వ్రాత కుడినుండి ఎడమకు సాగినా, అంకెలలో పెద్ద స్థానం ఎడమవైపే ఉంటుంది గనుక ఇదే పద్ధతి రెంటికీ సరిపోతుంది. పట్టుమని పది పంక్తుల స్క్రిప్టుతో రెండు భాషల లెక్కనూ చదివే పుట సిద్ధమవుతుంది.

చిన్న పని అని దీనిని చులకన చేయరాదు. వీవెన్ రూపొందించిన ‘లేఖిని’ అనే పుటలో ఇంగ్లీషు అక్షరాలలో తెలుగు మాట వ్రాస్తే, వెంటనే తెలుగు లిపిలో కనబడుతుంది. తెలుగు కీబోర్డు ఎరుగని ఎందరో కంప్యూటరుపై తమ భాషను వ్రాయగలిగినది ఇటువంటి సాధనాల వల్లనే. దాని వెనుక ఉన్నదీ అక్షరానికి బదులు అక్షరం నిలిపే స్క్రిప్టే.

విద్యార్థినీ విద్యార్థులారా! ఇతరులు చేసిన పుటలను చూడడంతో తృప్తి పడకండి. ఈ సంవత్సరంలో ఒక్కొక్కరు ఒక్క చిన్న పుట, మీ ఇంటివారికి పనికివచ్చేది, తయారుచేయండి. వారానికి రెండు గంటలు కంప్యూటరు గదిని ఇందుకై తెరచి ఉంచవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలను సవినయంగా కోరుతున్నాము. మన భాషలు యంత్రానికి నేర్పవలసినవారు ఎక్కడినుండో రారు. ఆ భాషలు చదువుకొన్న మనమే ఆ పనికి పూనుకోవాలి.