ఖాళీగా వదిలిన వృత్తాలు

మాదాపూర్ గాజు మేడల వెనుక వీధిలో మా సాయంత్రపు తరగతి. పిల్లల తండ్రులలో ఎక్కువమంది ఆ మేడల్లోనే డ్రైవర్లు, కాపలాదారులు.

నీట్‌లో 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. ఒప్పుకు నాలుగు మార్కులు. తప్పుకు ఒకటి కోత. "తెలియనిది వదిలేయండి" అని ఏళ్లుగా చెబుతూ వచ్చాము. తెలియదనడమూ విద్యేనని మదరసాలో నేర్చినవారము కదా! మా మాట నమ్మి ఇరవై ప్రశ్నలు వదిలిన ఒక అబ్బాయికి కొద్దిలో సీటు తప్పింది.

ఒక విద్యార్థిని లెక్క కట్టి చూపింది: "హజ్రత్, నాలుగింటికి గుడ్డిగా గుర్తు పెట్టినా సగటున ఒకటి ఒప్పవుతుంది. మూడు కోతలు పోను ఒక మార్కు మిగులుతుంది." రెండు జవాబులు తప్పని తేల్చుకోగలిగితే రెండు ప్రశ్నలకు సగటున మూడు మార్కులు! సిగ్గుపడ్డాము.

ఎప్‌సెట్‌లో కోతే లేదు. అక్కడ ఖాళీ వదలడం అమాయకత్వం.

ఇప్పుడు ముందుగా జీవశాస్త్రం చేయిస్తున్నాము. సగం మార్కులు దానివే. పెన్నుతో నింపిన వృత్తాన్ని చెరపలేము గనుక, చివరి పది నిమిషాలు ఓఎంఆర్ పత్రానికే.