పది డిగ్రీలు... పదిచోట్ల పదిరకాలు!

అమృత్‌సర్‌లో అది వెచ్చటి రాత్రి. రామగుండంలో చలిగాలుల హెచ్చరిక. టెక్సస్‌ను వణికించిన చలి షికాగోకు పెద్ద లెక్కలోది కాదు. ఇంతకీ చలిని కొలిచేది థర్మామీటరేనా?

జనవరి నెల. పొద్దింకా పొడవలేదు. కమాన్‌పూర్ నుంచి గనుల వైపు వెళ్లే దారిలో పదడుగుల ముందు ఏముందో కనిపించదు. ఆ మంచులోంచే ఒక్కో బైకూ బయటికొస్తుంది. నడిపేవాళ్ల తలకు మంకీ క్యాప్, దానిమీద మఫ్లరు, స్వెటరు మీద మరో చొక్కా. చేతులు హ్యాండిల్‌కు గడ్డకట్టుకుపోయాయా అన్నట్టుంటారు. గంట గడవనివ్వండి... మొదటి షిఫ్టుకు మస్టరు పడి బాయి దిగిన వాళ్లే ఒళ్లంతా చెమటతో తడిసి ముద్దవుతారు. ఒకే మనిషి, ఒకే పొద్దున, రెండు కాలాలు!

బొగ్గుబెల్టులో చలికాలం అంటే ఇదే. ఇక్కడి చలిని అర్థం చేసుకోవాలంటే కాస్త అటూ ఇటూ తిరిగి రావాలి. విశాఖ తీరానికీ, ఆదిలాబాద్ అడవికీ, అవసరమైతే అమెరికాకీ!

అగ్నిగుండంలో ఇగం
రామగుండం పేరు చెప్పగానే ఎవరికైనా గుర్తొచ్చేది ఎండే. మే నెలలో 45 డిగ్రీలు దాటడం ఇక్కడ వింత కాదు. పత్రికలవాళ్లు ముద్దుగా పెట్టుకున్న పేరు ‘అగ్నిగుండం’. అలాంటి చోట జనవరి కనిష్ఠ ఉష్ణోగ్రత సగటున 14-15 డిగ్రీలకు దిగుతుంది. చలి ముదిరినప్పుడు పదికీ, అంతకన్నా కిందికీ పడిపోతుంది. ఊళ్లలో ‘ఇగం పెడుతోంది’ అనేది అప్పుడే.

విచిత్రమేమిటంటే అదే రోజు మధ్యాహ్నం ఎండ 29-30 డిగ్రీలుంటుంది. అంటే పగటికీ రాత్రికీ పదిహేను డిగ్రీల తేడా. విశాఖపట్నంలో జనవరి రాత్రి సుమారు 18, పగలు 28. తేడా పది డిగ్రీలే. భూగోళం మీద చూస్తే ఈ రెండు ఊళ్లకూ అక్షాంశంలో ఒక్క డిగ్రీయే ఎడం. మరెందుకింత తేడా?

జవాబు సముద్రం. నీరు నిదానంగా వేడెక్కి నిదానంగా చల్లారుతుంది. అందుకే తీరం పక్కన రాత్రి కూడా గాలి గోరువెచ్చగా ఉంటుంది. రామగుండానికి సముద్రం మూడువందల కిలోమీటర్ల పైమాటే. వానాకాలం వెళ్లాక ఉత్తరం నుంచీ ఈశాన్యం నుంచీ పొడిగాలి వీస్తుంది. మబ్బుల దుప్పటి ఉండదు. పగలంతా నేల దాచుకున్న వేడి రాత్రి నేరుగా ఆకాశంలోకి పోతుంది. తెల్లవారేసరికి నేల చల్లబడి, దాన్ని అంటుకున్న గాలీ చల్లబడుతుంది. పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. దాంతో పొగమంచూ, పొయ్యిల పొగా, దుమ్మూ ఎటూ పోలేక ఊరి మీదే ఆగిపోతాయి. రాజీవ్ రహదారి మీద తెల్లవారుజామున లారీలు లైట్లు వేసుకుని నత్తనడక నడిచేది ఇందుకే. ఉపరితల గనుల్లో డంపర్లు నడిపేవాళ్లకు ఇంకా కష్టం. బరువైన చల్లగాలి గుంత అడుగునే పేరుకుంటుంది మరి!

ఎవరి చలి వారిది
తెలంగాణలో చలి వార్త వచ్చిందంటే కొన్ని పేర్లు తప్పవు. ఆదిలాబాద్ జిల్లా అర్లి(టి), కుమురం భీం జిల్లాలోని గిన్నెధరి, సిర్పూర్(యు), సంగారెడ్డి జిల్లా కోహీర్. అడవులూ, గుట్టల మధ్య లోయలూ, ఎత్తయిన మైదానాలూ... చల్లగాలి జారి నిలిచిపోయేందుకు తగిన చోట్లు.

ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఘనత అల్లూరి సీతారామరాజు జిల్లా లంబసింగిది. సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. వెయ్యి మీటర్లు పైకెక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందన్నది వాతావరణశాస్త్రం చెప్పే సగటు లెక్క. దీనికే ‘కొర్రబయలు’ అని మరో పేరు. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు స్థానికులు చెప్పే అర్థం. ఇప్పుడు ఆ చలి కోసమే డబ్బులు పెట్టుకుని జనం వెళ్తున్నారు!

కరీంనగర్ ప్రాంతం నుంచి గల్ఫ్ వెళ్లినవారిదీ ఓ అనుభవమే. ఎడారి అంటే ఎప్పుడూ మంటే అనుకుని సంచిలో రగ్గు కూడా పెట్టుకోకుండా వెళ్తే అంతే సంగతులు. రియాద్‌లో జనవరి రాత్రి సగటు 9 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. అక్కడా ఇదే సూత్రం... పొడిగాలి, మబ్బులేని ఆకాశం.

లెక్క ఇదీ!
మరి ఎంత తగ్గితే ‘చలిగాలులు’ అంటారు? భారత వాతావరణ శాఖ దీనికి ఓ కొలత పెట్టింది. మైదాన ప్రాంతమైతే కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు, లేదా అంతకన్నా తక్కువ ఉండాలి. దాంతోపాటు ఆ ఊరి మామూలు ఉష్ణోగ్రత కన్నా కనీసం 4.5 డిగ్రీలు తగ్గాలి. తేడా 6.4 దాటితే ‘తీవ్రం’. మామూలుతో పనిలేకుండా 4 డిగ్రీలకు పడిపోయినా చలిగాలులే. తీరంలో మాత్రం 15 డిగ్రీల దగ్గరే లెక్క మొదలవుతుంది.

ఇందులోనే ఉంది కిటుకు. పంజాబ్‌లోని అమృత్‌సర్‌లో జనవరి రాత్రి 10 డిగ్రీలుంటే ‘ఈరోజు చలి తగ్గింది’ అనుకుంటారు. రామగుండంలో అదే పది డిగ్రీలు చలిగాలుల అంచు. విశాఖలో అంతదాకా అక్కర్లేదు, 13 దగ్గరే జనం బెంబేలెత్తుతారు. అంటే శాస్త్రం కూడా ఒప్పుకున్నట్టే... చలి అంటే అంకె ఒక్కటే కాదు, అలవాటు తప్పడం.

బాయిలో ఎండాకాలం
నేల లోపలికి వెళ్లేకొద్దీ వేడి పెరుగుతుంది. కిలోమీటరు లోతుకు సుమారు 25 నుంచి 30 డిగ్రీలు. దానికి యంత్రాల వేడీ, నీటి తేమా తోడవుతాయి. కమాన్‌పూర్‌కు ఇరుగుపొరుగునే 2014లో ఉత్పత్తి మొదలైన అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పని జరిగేది వందల మీటర్ల లోతున. అక్కడికి జనవరీ లేదు, మే లేదు. అందుకే బొగ్గుగనుల నిబంధనలు చలి గురించి కాదు, వేడి గురించి మాట్లాడతాయి. తేమను కూడా కలిపి చూపే తడిబల్బు ఉష్ణోగ్రత పనిచోట 33.5 డిగ్రీలు దాటకూడదు. 30.5 దాటిందంటే గాలి సెకనుకు కనీసం ఒక మీటరు వేగంతో వీచేలా చూడాలి.

అసలు చిక్కు షిఫ్టు దిగేటప్పుడు. రాత్రి షిఫ్టు చేసినవారు తడిసిన బట్టలతో పైకొచ్చేసరికి బయట రోజంతటిలోకీ చల్లటి వేళ. చల్లగాలి తగలగానే రక్తనాళాలు కుంచించుకుంటాయి, రక్తపోటు పెరుగుతుంది. బీపీ, గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇది మంచిది కాదు. పొడిబట్టలు మార్చుకుని, చెవులూ ఛాతీ కప్పుకున్నాకే బండెక్కమని వైద్యులు చెప్పేది అందుకే.

బాయి దిగనివాళ్లకూ బాధ తప్పదు. యాసంగి వరినారు పోసేది సరిగ్గా ఈ రోజుల్లోనే. 12-13 డిగ్రీల కన్నా తగ్గితే నారు ఎదగదు, పసుపెక్కుతుంది. రాత్రి మడి మీద పాలిథిన్ పట్టా కప్పి పొద్దున తీసేయడం, రాత్రి చల్లబడిన నీటిని తెల్లారగానే తీసేసి కొత్తనీరు పెట్టడం... పసిపిల్లలకు చేసినట్టే నారుకూ సేవలు చేయాలి.

టెక్సస్ వణికిన వారం
అలవాటు లేని చలి ఎంత పని చేస్తుందో 2021 ఫిబ్రవరిలో అమెరికా చూసింది. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్... తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో ఉండే డాలస్ పరిసరాలివి. ఎండలకు పేరుపడ్డ ప్రాంతం. ఫిబ్రవరి 16న డాలస్‌లో ఉష్ణోగ్రత మైనస్ 19 డిగ్రీలకు పడిపోయింది. గ్యాస్ బావులూ, పైపులూ గడ్డకట్టాయి. విద్యుత్‌కేంద్రాలు ఆగిపోయాయి. 45 లక్షల ఇళ్లకూ, వ్యాపారాలకూ కరెంటు పోయింది. నల్లా పైపులు పగిలి ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. ఆ తుపానుకు 246 మంది బలయ్యారని ఆ రాష్ట్రమే లెక్క తేల్చింది.

అంతకు రెండేళ్ల ముందు, 2019 జనవరి 30న షికాగోలో నమోదైంది మైనస్ 30 డిగ్రీలు. అక్కడా ప్రాణనష్టం లేకపోలేదు. కానీ ఊరు కుప్పకూలలేదు. కారణం? అక్కడ గోడలు, పైపులు, హీటర్లు, కరెంటు తీగలు అన్నీ చలిని దృష్టిలో పెట్టుకుని కట్టినవే. టెక్సస్‌లో అన్నీ ఎండ కోసం కట్టుకున్నవి. చలి కన్నా చలికి సిద్ధంగా లేకపోవడమే ఎక్కువ ప్రాణాలు తీసింది.

టెక్సస్ మృతుల్లో కొందరిని చంపింది చలి కాదు, చలి కాచుకోవడం! కరెంటు లేక ఇంట్లోనే బొగ్గుల పొయ్యి వెలిగించినవారూ, మూసిన గ్యారేజీలో కారు ఇంజను ఆన్‌చేసి కూర్చున్నవారూ ఉన్నారు. వాళ్ల ప్రాణాలు తీసిన వాయువు పేరు బొగ్గుబెల్టుకు కొత్త కాదు... కార్బన్ మోనాక్సైడ్.

కుంపటి దొంగదెబ్బ
గని కార్మికులకు ఈ వాయువు పాతశత్రువు. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కన్నా రెండువందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. బ్రిటన్ గనుల్లో దీన్ని పసిగట్టడానికి 1986 వరకూ కెనరీ పిట్టలను వాడారు. పిట్ట సొమ్మసిల్లితే మనుషులు పరుగు తీయాలన్నమాట. మన గనుల్లో గాలిలో ఇది పదిలక్షల పాళ్లలో 50 పాళ్లకు మించకూడదు. లోపలికి దిగేవారి నడుముకు సెల్ఫ్ రెస్క్యూయర్ ఉండాల్సిందే.

ఇంత జాగ్రత్తపడే మనిషి ఇంటికొచ్చాక? చలి ఎక్కువగా ఉందని బొగ్గుల కుంపటి గదిలో పెట్టి, గాలి రాకుండా కిటికీ మూసి, పిల్లలతో సహా పడుకుంటే నడుముకు ఏ పరికరమూ ఉండదు, పక్కన ఏ పిట్టా ఉండదు. బొగ్గు మంటగా కాకుండా నిదానంగా రాజుకునేటప్పుడే ఈ వాయువు ఎక్కువగా పుడుతుంది. ముందు తలనొప్పి, తర్వాత వికారం, కళ్లు తిరగడం, మగత. నిద్రలో ఉన్నవారికి అవేవీ తెలియవు. ఉత్తరాదిలో చలికాలం వచ్చిందంటే అంగీఠీ పొగకు కుటుంబాలకు కుటుంబాలే ప్రాణాలు కోల్పోయిన వార్తలు కనిపిస్తూనే ఉంటాయి. గాలి ఆడని స్నానాలగదిలో గ్యాస్ గీజర్ పెట్టుకున్నా ఇదే ముప్పు.

చేయాల్సింది పెద్ద పనేం కాదు. చలిమంట ఏదైనా ఆరుబయటే వేసుకోవాలి. గదిలోకి కుంపటి తేకూడదు. తప్పనిసరై తెచ్చినా తలుపూ కిటికీ తెరిచి ఉంచి, పడుకునే ముందు బయటపెట్టేయాలి. ఎవరైనా స్పృహ తప్పితే ముందు గాలిలోకి తీసుకెళ్లి 108కు ఫోన్ చేయాలి.

‘సంక్రాంతికి చంకలెత్తనివ్వదు, శివరాత్రికి శివశివా అని పోతుంది’ అంటారు చలి గురించి మన పెద్దలు. అది ఎలాగూ పోయేదే. అంతదాకా రగ్గు ఒకటి అదనంగా కప్పుకోండి... కిటికీ మాత్రం కాస్త తెరిచే ఉంచండి!