మొదటి ఫ్రాంజ్ జోసెఫ్

మొదటి ఫ్రాంజ్ జోసెఫ్ (ఆగష్టు 18, 1830 - నవంబరు 21, 1916) ఆస్ట్రియా చక్రవర్తి, హంగేరీ రాజు. హాబ్స్‌బర్గ్ వంశానికి చెందిన ఈయన 1848 నుండి 1916 వరకు, దాదాపు 68 సంవత్సరాలు పరిపాలించాడు. ఐరోపా చరిత్రలో అత్యధిక కాలం పాలించిన రాజులలో ఈయన ఒకడు.

బాల్యము, పట్టాభిషేకము

ఫ్రాంజ్ జోసెఫ్ వియన్నాలోని షోన్‌బ్రున్ రాజప్రాసాదంలో జన్మించాడు. తండ్రి ఫ్రాంజ్ కార్ల్, తల్లి సోఫీ. 1848లో సామ్రాజ్యమంతటా విప్లవాలు చెలరేగగా, పెదతండ్రి మొదటి ఫెర్డినాండ్ డిసెంబరు 2న సింహాసనాన్ని త్యజించాడు. తండ్రి కూడా తన హక్కును వదులుకొనడంతో 18 ఏళ్ళ వయసులోనే ఫ్రాంజ్ జోసెఫ్ చక్రవర్తి అయ్యాడు. 1849లో రష్యా సైన్యం సహాయంతో హంగేరీ తిరుగుబాటును అణచివేశాడు. 1851లో రాజ్యాంగాన్ని రద్దుచేసి నిరంకుశ పాలన సాగించాడు.

యుద్ధాలు, రాజీ ఒప్పందము

1859లో సాల్ఫెరినో యుద్ధంలో ఓడి లొంబార్డీని కోల్పోయాడు. 1866లో ప్రష్యా చేతిలో పరాజయం పొందడంతో వెనీషియా చేజారింది, జర్మన్ రాజ్యాలపై ఆస్ట్రియా పెత్తనం ముగిసింది. బలహీనపడిన సామ్రాజ్యాన్ని నిలుపుకొనుటకు హంగేరియన్లతో రాజీ అనివార్యమైంది. 1867 ఒప్పందం ప్రకారం ఆస్ట్రియా-హంగేరీ అనే జంట రాజ్యం ఏర్పడింది. రెండింటికీ వేర్వేరు పార్లమెంటులు ఉండగా విదేశాంగము, సైన్యము, వాటికయ్యే ఖర్చు మాత్రం ఉమ్మడిగా ఉండేవి. అయితే చెక్‌లు మొదలైన స్లావ్ జాతులకు ఇటువంటి హోదా లభించలేదు. ఈ అసంతృప్తి చివరివరకు సామ్రాజ్యాన్ని పీడించింది. 1907లో ఆస్ట్రియా భాగంలో వయోజన పురుషులందరికీ ఓటుహక్కు కల్పించబడింది.

కుటుంబము

1854లో బవేరియాకు చెందిన ఎలిజబెత్‌ను (ముద్దుపేరు సిసి) వివాహమాడాడు. ఈయన కుటుంబ జీవితం విషాదమయం. తమ్ముడు మాక్సిమిలియన్ 1867లో మెక్సికోలో కాల్చి చంపబడ్డాడు. ఏకైక కుమారుడు రుడాల్ఫ్ 1889లో మాయర్లింగ్‌లో ఆత్మహత్య చేసుకున్నాడు. భార్య 1898లో జెనీవాలో ఒక అరాచకవాది చేతిలో హత్యకు గురైంది.

చివరి దశ

1908లో బోస్నియా-హెర్జెగోవినాను తన సామ్రాజ్యంలో కలుపుకొనడంతో సెర్బియాతో వైరం ముదిరింది. జూన్ 28, 1914న సారాయెవోలో వారసుడైన ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హత్య చేయబడ్డాడు. నెల తరువాత సెర్బియాపై ఫ్రాంజ్ జోసెఫ్ ప్రకటించిన యుద్ధమే మొదటి ప్రపంచ యుద్ధానికి దారితీసింది. యుద్ధం ముగియకముందే 86వ ఏట షోన్‌బ్రున్‌లోనే మరణించాడు. తరువాత సింహాసనమెక్కిన మొదటి కార్ల్ పాలన రెండేళ్ళే సాగింది. 1918లో సామ్రాజ్యం విచ్ఛిన్నమైంది.